టెండరు చాటింపు మన ఊరికి ఎందుకు వినబడదు?

మార్చి నెల వచ్చిందంటే మా ఊర్లో అంగడి హర్రాజు. రెండు రోజుల ముందే డప్పు చాటింపు అయ్యేది. ఫలానా రోజు పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసు ముందర తైబజారు పాట ఉంటుంది, ధరావతు ఇంత, పాడేవాళ్లు పైసలతో రావాలె అని వాడవాడకూ వినిపించేది. పాడేది ముగ్గురో నలుగురో అయినా చూడటానికి ఊరంతా వచ్చేది. ఎవరు ఎంతకు పాడారో, ఎడ్ల జతకు ఎంత వసూలు చేయాలో, కూరగాయల గంపకు ఎంతో పొద్దుగూకే సరికి అందరికీ తెలిసిపోయేది. తర్వాతి వారం అంగట్లో పాటదారు మనిషి రూపాయి ఎక్కువ అడిగితే "పాటల ఎంతన్నరు, నువ్వెంత అడుగుతున్నవ్ బిడ్డా?" అని నిలదీసే ముసలవ్వలు ఉండేవారు.

అదేదో సత్యకాలమని చెప్పడం నా ఉద్దేశం కాదు. దొర మనిషి పాటకు కూర్చుంటే ఎదురు పాడే ధైర్యం ఎవరికీ లేని ఊళ్లు పాత కరీంనగర్ జిల్లాలో ఎన్నో. తర్వాత ఇంజనీర్ల ఆఫీసుల్లో టెండరు డబ్బాలు పెట్టిన రోజుల్లో, డబ్బా దాకా పోనీయకుండా దారిలోనే ఆపి షెడ్యూలు కాగితాలు గుంజుకున్న గొడవలు పెద్దవాళ్లకు గుర్తే. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఆన్‌లైన్ టెండర్లు మొదలైన తర్వాత ఆ తన్నులాటలు తగ్గాయి. అది మంచిదే. కానీ డప్పుతో పాటు ఇంకొకటి కూడా పోయింది. పాత పాటలో అన్యాయం జరిగినా ఊరి కళ్ల ముందు జరిగేది. ఇప్పుడు మన చెరువు తూము మరమ్మతు టెండరును హైదరాబాద్‌లో కూర్చున్న కాంట్రాక్టరు ఫోన్లో చూడగలడు. ఆ తూము కింద రెండెకరాలు సాగు చేసే రైతుకు మాత్రం, జేసీబీ కట్ట మీదికి వచ్చిన నాడే తెలుస్తుంది.

చెరువు పని, కాలువ పూడికతీత, చెక్‌డ్యాం, పొలంబాట, వడ్ల లారీలు, పత్తి మిల్లు... మన బతుకుతో ముడిపడ్డ ఇన్నింటిలో ఎక్కువ భాగం నడిచేది టెండరు కాగితం మీదనే. మనం మద్దతు ధర కోసం రోడ్డెక్కుతాం, కరెంటు కోసం సబ్‌స్టేషన్ ముట్టడిస్తాం. టెండరు కాగితం జోలికి మాత్రం పోం. అది కాంట్రాక్టర్ల సంగతి అనుకుంటాం. ఆ ఆలోచన తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా కాంట్రాక్టరుకు పని ఎట్లా తెలుస్తుందో చూద్దాం. టెండరు నోటీసు చూసి పని వెతుక్కునేవాడు కొత్తవాడు. ఆరితేరినవాడు పని పుట్టే చోటనే ఉంటాడు. ఎమ్మెల్యే దగ్గర ప్రతిపాదన పెట్టిన రోజు, ఏఈ వచ్చి టేపు పట్టి కొలిచిన రోజు, అంచనా తయారై పైకి పోయిన రోజు, పరిపాలనా మంజూరు వచ్చిన రోజు, సాంకేతిక మంజూరు వచ్చిన రోజు, ఇవన్నీ అతనికి తెలుసు. చాలాసార్లు ఆ ఫైలు వెంట తిరిగేది కూడా అతనే. నోటీసు ఆన్‌లైన్లో పడే నాటికి అతని దగ్గర కాగితాలన్నీ సిద్ధంగా ఉంటాయి. మిగతావాళ్లకు సాధారణంగా దొరికేది మొదటి పిలుపుకు రెండు వారాలు, రెండో పిలుపుకు ఒక వారం. ఆ గడువులో ధరావతు కట్టాలి, డిజిటల్ సంతకం ఉండాలి, తన క్లాసు రిజిస్ట్రేషన్ ఆ పనికి సరిపోవాలి. పెద్ద పని అయితే ఇంతకు ముందు అలాంటి పని చేసినట్టు ధ్రువపత్రం, యంత్రాలు ఉన్నట్టు రుజువు, చేతిలో ఉన్న పనులు పోగా ఇంకెంత పని చేయగలడో లెక్క చూపాలి. ముందు ఈ అర్హతల కవరు తెరుస్తారు. అందులో నెగ్గినవాళ్ల ధరల కవరే తర్వాత తెరుస్తారు. అందరికన్నా తక్కువ వేసినవాడు ఎల్1. పని అతనిది.

చిన్న పనుల్లో ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు రిజర్వేషన్ ఉంది. మంచి నియమం. కానీ చాలా చోట్ల లైసెన్సు ఒకరిది, పెట్టుబడి మరొకరిది, జేసీబీ ఇంకొకరిది. లైసెన్సు పేరున్న పిలగానికి చివరికి మిగిలేది కమీషన్ పైసలే. పెట్టుబడికి బ్యాంకు ఆదుకోనంత కాలం ఇది ఇట్లనే ఉంటుంది.

ధర దగ్గరికి వద్దాం. ఇక్కడే రైతుకు అసలు దెబ్బ. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జులై 1న నీటిపారుదల శాఖ 94 నంబరు జీవో ఇచ్చింది. టెండర్ల పద్ధతిని మార్చిన జీవో అది. తర్వాత ఎన్నో సవరణలు వచ్చినా దాని పేరు కాంట్రాక్టర్ల నోట్లో ఇప్పటికీ ఆడుతూనే ఉంటుంది. అంచనా విలువ మీద 5 శాతం కన్నా ఎక్కువ వేసిన టెండరును కొట్టేయాలని అది చెప్పింది. తక్కువ వేసేవాళ్లకు కూడా ఒక గీత గీసింది. 25 శాతం దాకా తక్కువ వేస్తే అదనపు డిపాజిట్ అక్కర్లేదు. అంతకన్నా కిందికి పోతే ఆ తేడా సొమ్మును అదనపు సెక్యూరిటీగా కట్టాలి. అంటే నూరు రూపాయల పనిని 75 రూపాయలకు చేస్తానన్నా సర్కారు అడ్డు చెప్పదు.

పైకి చూస్తే ప్రజాధనం ఆదా అయినట్టే. కానీ ఒక చెరువు కట్ట మీద నిలబడి లెక్క చూడండి. ఆ అంచనాలో మట్టి తవ్వకం, మోత, రోలర్‌తో తొక్కించడం, నీళ్లు చల్లడం, రాతి కట్టడం, సిమెంటు, ఇనుము, కూలి అన్నీ రేట్ల పట్టిక ప్రకారం రాసి ఉంటాయి. డీజిల్ ధర తగ్గదు, సిమెంటు ధర తగ్గదు. 24 శాతం లెస్‌కు పని పట్టినవాడు ఆ 24 రూపాయలు ఎక్కడి నుంచి తేవాలి? తన లాభం ఎక్కడి నుంచి తీయాలి? ఆఫీసు ఖర్చుల సంగతి నేను రాయనక్కర లేదు. మిగిలేది కట్ట మట్టి, మత్తడి సిమెంటు. పొరపొరకూ రోలర్ తొక్కించాల్సిన కట్టకు ఒకేసారి టిప్పర్లతో మట్టి పోసి పైన బకెట్‌తో అద్దుతారు. మొదటి వానకాలం గడిస్తే కట్ట కుంగుతుంది. రెండో వానకాలానికి బుంగ పడుతుంది.

మిషన్ కాకతీయ నాటి అనుభవం అందరికీ ఉంది. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలుపెట్టి, రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు బాగు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. చెరువుల గురించి ఒక ప్రభుత్వం అంతగా ఆలోచించడం మంచి సంగతే, ఆ మాట సంఘం అప్పుడూ చెప్పింది. పూడిక మట్టి పొలాలకు తోలుకుని లాభపడ్డ రైతులు మన సభ్యుల్లోనే ఉన్నారు. కానీ ఒకే సంవత్సరం అదే మండలంలో ఒక చెరువు పని పదేండ్లు నిలిచేట్టు అయితే, పక్క ఊరి చెరువుది రెండేండ్లకే పాడయింది. పథకం ఒకటే, ఇంజనీరు ఒక్కడే. తేడా ఎక్కడ వచ్చింది? మా పక్క ఊర్లో నీరటి పని చేసిన పెద్దమనిషి ఒకరు రోజూ కట్ట మీద కూర్చునేవారు. రోలర్ రాకపోతే పని ఆపించేవారు. ఆయన దగ్గర అంచనా కాగితం లేదు, తూము గురించి తాతల నాటి తెలివి ఉంది. మా ఊర్లో అట్లా కూర్చున్నవాళ్లు లేరు. మా పని ఎన్ని శాతం లెస్‌కు పోయిందో తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అప్పటికే మత్తడి పక్క గోడ పగుళ్లిచ్చింది.

అప్పుడు నాకు తెలియని ఇంకో సంగతి ఉంది. ఇలాంటి పనుల ఒప్పందాల్లో లోపాల బాధ్యత కాలం అని ఒకటి ఉంటుంది, సాధారణంగా రెండేండ్లు. ఆ లోపు కట్ట కుంగినా, గోడ పగిలినా, తూము కారినా కాంట్రాక్టరు తన సొంత ఖర్చుతో బాగు చేయాలి. అందుకే బిల్లులోంచి కొంత సొమ్ము కోసి డిపాజిట్‌గా పట్టి ఉంచుతారు. పని పూర్తయిన తేదీ ఏది, బాధ్యత కాలం ఏ తేదీన ముగుస్తుంది అన్నది ఊరికి తెలిస్తే, గడువు దాటక ముందే దరఖాస్తు పెట్టవచ్చు. తెలియకపోతే గడువు దాటిన తర్వాత ధర్నా చేస్తాం. అప్పుడు ఆఫీసర్లు కొత్త అంచనా వేస్తారు, కొత్త టెండరు పిలుస్తారు. అదే గోడకు సర్కారు రెండోసారి పైసలు పెడుతుంది. మేం చేసింది అదే. ధర్నా ఫొటో మాత్రం పేపర్లో బాగానే వచ్చింది.

లెస్‌కు పోయే పనుల సంగతి ఇది. దీనికి పూర్తిగా ఉల్టా ఉండేది రింగు. పని విలువైనదైతే నలుగురు కాంట్రాక్టర్లు ముందే కూర్చుని మాట్లాడుకుంటారు. ఈసారి నువ్వు, వచ్చేసారి నేను. మిగతా ముగ్గురు ఉత్తుత్తిగా కొంచెం ఎక్కువ ధర వేస్తారు, లేకపోతే అసలు వేయరు. అంచనాకు నాలుగున్నర శాతం పైన ఒకే టెండరు పడి ఉంటే అనుమానించాలి. ఒకే మండలంలో ఐదు పనులు ఐదుగురికి వరుసగా పంచినట్టు పోయినా అనుమానించాలి. 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఇట్లా కలబడి టెండరు వేయడం నేరుగా నిషేధం. దాని మీద విచారించే కమిషన్ ఢిల్లీలో ఉంది, పొట్టి పేరు సీసీఐ. ఆదిలాబాద్‌లో సీసీఐ అంటే పత్తి కొనేవాళ్లో, మూతబడ్డ సిమెంటు ఫ్యాక్టరీయో అనుకుంటారు తప్ప ఈ మూడో సీసీఐ ఒకటుందని ఎవరికీ తెలియదు.

న్యాయంగా కాంట్రాక్టరు వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఊళ్లలో చిన్న పనులు చేసినవాళ్లు అందరూ కోట్లు వెనకేసుకున్నవాళ్లు కారు. 2019లో గెలిచిన సర్పంచులు శ్మశానవాటికలు, డంపింగ్ యార్డులు, పల్లె ప్రకృతి వనాలు అప్పులు తెచ్చి కట్టారు. 2024 ఫిబ్రవరి నాటికి వాళ్ల పదవీ కాలం అయిపోయింది, బిల్లులు మాత్రం రాలేదు. బిల్లుల కోసం మాజీ సర్పంచులు హైదరాబాద్ బాట పట్టడం, పోలీసులు ఊర్లలోనే ముందస్తు అరెస్టులు చేయడం మనం చూశాం. వాళ్లలో మన సంఘం సభ్యులూ ఉన్నారు. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని చోట పని చేయడానికి నిలబడగలిగేది రెండు రకాలవాళ్లే. మిత్తికి పెట్టుబడి పెట్టి రెండేండ్లు ఆగగలవాడు ఒకడు, బిల్లు పాసు చేయించుకునే దారి తెలిసినవాడు ఇంకొకడు. నిజాయితీగా పని చేసే చిన్నవాడు ఒక్క పనితోనే ఆగిపోతాడు. కాబట్టి చిన్న పనుల బిల్లులకు గడువు పెట్టాలన్నది కాంట్రాక్టర్ల డిమాండే కాదు, మన డిమాండ్ కూడా కావాలి.

ఇక కల్లం దగ్గరికి. వానాకాలం, యాసంగి రెండు సీజన్లలోనూ మన వడ్లు ఐకేపీ, సొసైటీ సెంటర్ల నుంచి మిల్లుకు పోవడానికి పౌరసరఫరాల సంస్థ జిల్లాలో రవాణా టెండర్లు పిలుస్తుంది. మండలాలను సెక్టార్లుగా కలిపి, టన్నుకు దూరాన్ని బట్టి రేటు అడుగుతారు. టెండరు దక్కినవాడికి కావల్సినన్ని లారీలు సొంతంగానో కిరాయికో ఉండాలని షరతు. కాగితం మీద లారీల నంబర్లు ఉంటాయి. కోతలు ఒక్కసారిగా వచ్చేసరికి రోడ్డు మీద ఆ లారీలు ఉండవు. తక్కువ రేటుకు పట్టినవాడు ఊరి లారీలకు ఇంకా తక్కువ ఇస్తానంటాడు, వాళ్లు రారు. వచ్చినవాళ్లు సంచికి ఇంత అని రైతు దగ్గర అడుగుతారు. కిరాయి సర్కారే ఇస్తుందని రైతుకు తెలుసు. అయినా మబ్బు పట్టినప్పుడు ఎవరు వాదిస్తారు?

దీంట్లో మిల్లుల వాటా కూడా ఉంది. మిల్లు దగ్గర రెండు మూడు రోజులు దింపుకోకపోతే లారీ డ్రైవరు అక్కడే చిక్కుకుంటాడు, ఇక్కడ సెంటర్లో కుప్పలు పెరుగుతాయి. మిల్లులో సరుకు ముట్టి ట్రక్ షీట్ ఎక్కితేనే రైతు డబ్బు కదులుతుంది. అంటే లారీ ఒక్క రోజు లేటయితే వానలో తడిసే ప్రమాదం ఒక రోజు, పైసలు ఒక రోజు, తేమ పేరుతో కోసే తరుగు అదనం. 2025 అక్టోబరు 29న మొంథా తుపాను వానకు హుస్నాబాద్ మార్కెట్ యార్డులో వడ్లు నీళ్లలో కొట్టుకుపోయిన దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. తుపానుకు ఏ కాంట్రాక్టరూ జవాబుదారీ కాదు, నిజమే. కానీ కాంటా అయిన సంచులు లారీ కోసం ఎదురుచూస్తూ ఎన్ని రోజులు ఉన్నాయన్నది తుపాను సంగతి కాదు.

రవాణా ఒప్పందంలో లారీలు పెట్టకపోతే జరిమానా, అవసరమైతే వేరే లారీలు పెట్టి ఆ ఖర్చు కాంట్రాక్టరు దగ్గర వసూలు చేయడం వంటి షరతులు ఉంటాయి. వాటిని చదివిన రైతు ఎవరైనా ఉన్నారా? నేను మన మండల బాధ్యులను అడిగాను. ఒక్కరూ లేరు. సమీక్షా సమావేశంలో కలెక్టర్ గారు కాంట్రాక్టర్లను హెచ్చరించారని ప్రతి సీజన్‌లో వార్త వస్తుంది. హెచ్చరిక వార్త అవుతుంది, జరిమానా ఎంత వేశారన్నది మాత్రం వార్త కాదు. మనం అడిగితే అవుతుంది.

పత్తి సంగతి ఇంకా పెద్దది. ఆదిలాబాద్ రైతులు దీన్ని నాకన్నా బాగా చెప్పగలరు. సీసీఐ, అంటే కాటన్ కార్పొరేషన్, తనంత తానుగా పత్తి గింజలు తీయదు. ప్రతి సీజన్‌కు ముందు జిన్నింగు, ప్రెస్సింగు మిల్లులను టెండరుకు పిలుస్తుంది. బేలుకు ఇంత అని మిల్లులు రేటు వేస్తాయి. షరతులకు ఒప్పుకుని ఒప్పందం చేసుకున్న మిల్లులోనే సీసీఐ కొనుగోలు కేంద్రం తెరుస్తుంది. అంటే మనం బండి ఎక్కడికి తోలాలో నిర్ణయించేది ఆ టెండరే. 2025-26 సీజన్‌కు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు అని ప్రకటించారు. మనమందరం ఆ అంకె మీదనే మాట్లాడుకున్నాం. అదే సమయంలో టెండరు షరతుల మీద మిల్లుల యజమానులకూ సీసీఐకీ మధ్య పంచాయితీ నడుస్తోంది. మిల్లులను ఎల్1, ఎల్2 అంటూ వరుసలు చేసి, పై వరుసవాళ్లకే ముందు కొనుగోళ్లు ఇవ్వడం మీద వాళ్ల ప్రధాన అభ్యంతరం. తేలకపోయేసరికి నవంబరు 17న రాష్ట్రమంతటా జిన్నింగు మిల్లులు బంద్ పెట్టాయి. పత్తి ఇంట్లో, బండి మీద, యార్డు గేటు బయట. స్లాటు బుక్ చేసుకోవడానికి కొత్తగా కపాస్ కిసాన్ యాప్, ఎకరానికి ఏడు క్వింటాళ్ల పరిమితి, తేమ 8 నుంచి 12 శాతం లోపు ఉండాలన్న నిబంధన. వీటన్నింటి మీద మిల్లు బంద్. చలి మంచుకు ఇంట్లో పెట్టిన పత్తి కూడా తేమ గుంజుతుంది. ఆగలేనివాళ్లు మద్దతు ధర కన్నా ఎంతో తక్కువకు వ్యాపారికి అమ్ముకున్నారు.

ఆ పంచాయితీలో ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం నా పని కాదు. మిల్లులన్నీ కలిసి రేటు పెంచుకోకుండా సీసీఐ కట్టడి చేయాలనుకోవడంలో న్యాయం ఉంది. దగ్గర్లో నడిచే మిల్లు ఉండగా కింది వరుస అని పక్కన పెట్టి రైతును ముప్పై నలభై కిలోమీటర్లు తిప్పడంలో న్యాయం లేదు. నా ప్రశ్న వేరు. ఆ షరతులు రాసేటప్పుడు సీసీఐ ఉంది, షరతుల మీద మాట్లాడటానికి మిల్లుల సంఘం ఉంది, మధ్యవర్తిగా ప్రభుత్వం ఉంది. బండి పట్టుకుని నిలబడ్డ రైతు ఎక్కడున్నాడు? రైతు కిరాయి, రైతు తేమ, రైతు రోజులు టెండరులో ఏ కాలమ్‌లోనూ లేవు. దగ్గరి కేంద్రం తెరవకపోతే ఆ అదనపు దూరం ఖర్చు ఎవరిదని ఆ కాగితంలో ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడిగేవాడు ఆ గదిలో లేడు.

టెండరు పిలిచిన తర్వాత పెద్ద పనుల్లో ప్రీ-బిడ్ మీటింగ్ అని ఒకటి పెడతారు. టెండరు వేయదలచినవాళ్లు వచ్చి షరతుల మీద తమ అనుమానాలు, అభ్యంతరాలు చెబుతారు. ఆఫీసు కొన్ని మారుస్తుంది. పిలుపు వ్యాపారులకే. వడ్ల రవాణా టెండరుకు, పత్తి జిన్నింగు టెండరుకు, వెయ్యి ఎకరాల ఆయకట్టు ఉన్న చెరువు పనికి ఈ మీటింగులో రైతు ప్రతినిధులకు కుర్చీ వేయాలి. ఓటు అడగడం లేదు, రేటు చూపమనడం లేదు. షరతులు రాసేటప్పుడు మన మాట వినమంటున్నాం. ఎన్ని రోజుల్లో లారీ రావాలి, రాకపోతే జరిమానాలోంచి రైతుకు ఎంత, ఏ మిల్లు ఏ ఊళ్లకు. సంఘం ఈ ఏడాది డిమాండ్ల పత్రంలో ఇది ముందు వరుసలో ఉండాలని నా అభిప్రాయం.

ఇది జరిగే పనేనా అని అడిగేవాళ్లకు మన రాష్ట్రంలోనే జవాబు ఉంది. ఉపాధి హామీ పనుల్లో కాంట్రాక్టర్లను చట్టమే నిషేధించింది. ఆ పనుల మీద 2006లో ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీ మొదలయింది. మస్టర్లు, కొలతలు, చెల్లింపులు ఊర్లో బహిరంగంగా చదివారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద ఎత్తిన కూలి బయటపడింది, ఎత్తిన పైసలు కొంత వాపసు కూడా కట్టించారు. అంతకు ముందు 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఊర్లలో జనసున్వాయిలు పెట్టి పంచాయతీ పనుల బిల్లులు చదివి వినిపించింది. సమాచార హక్కు చట్టానికి దారి అక్కడి నుంచే పడింది. ఉక్రెయిన్ దేశంలో 2016 నుంచి సర్కారు టెండర్లన్నీ ప్రొజోర్రో అనే ఒకే వేదిక మీద పెట్టడం తప్పనిసరి చేశారు. ఎవరు ఎంత వేశారో మామూలు పౌరుడు కూడా చూడవచ్చు. కూలి మస్టరు ఊర్లో చదవగలిగినప్పుడు 80 లక్షల చెరువు పని కొలతల పుస్తకం ఊర్లో చదవడానికి అడ్డమేమిటి? కూలివాడి లెక్క అందరి ముందూ, కాంట్రాక్టరు లెక్క బీరువాలోనా?

సర్కారు ఒప్పుకునే దాకా ఆగనక్కర లేదు. మన చేతిలో ఉన్నది మనం చేయవచ్చు. తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైటులో టెండరు నోటీసులు అందరికీ కనబడతాయి. అవి చూడటానికి కాంట్రాక్టరే కావాల్సిన పని లేదు. ప్రతి మండల కమిటీలో చదువుకున్న ఒక పిల్లకో పిలగానికో వారానికి ఒక గంట ఈ పని అప్పజెప్పాలి. సాగునీటి శాఖ, పంచాయతీరాజ్, మార్కెటింగ్, పౌరసరఫరాలు, ఈ నాలుగూ చూస్తే చాలు. మన మండలం పేరున్న నోటీసు పడితే పని పేరు, అంచనా విలువ, చివరి తేదీ ఒక కాగితం మీద తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. డప్పు కొట్టించే స్తోమత ఉంటే అదీ చేయండి. టెండరు పత్రాలు పదుల పేజీల ఇంగ్లిషు. మొత్తం చదవలేం. కానీ పనుల పట్టిక, గడువు, జరిమానా, లోపాల బాధ్యత కాలం, ఈ నాలుగు చోట్లు వెతికి చదివితే ముప్పాతిక వంతు తెలిసినట్టే.

పని మొదలైన తర్వాత ఒప్పందం కాపీ, అంచనా, కొలతల పుస్తకం నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ చట్టం 2(జె) సెక్షన్ కింద కాగితాలే కాదు, పనిని కూడా తనిఖీ చేసే హక్కు, వాడిన సామాను నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు పౌరునికి ఉంది. మత్తడి గోడకు వేసే కాంక్రీటు నమూనా అడిగిన రైతును ఇంతవరకు నేను చూడలేదు. ఒక్కరు అడిగినా ఆ మండలంలో మిగతా గోడలన్నీ కొంచెం గట్టిగా లేస్తాయని నా నమ్మకం.

ఒక ప్రమాదం ముందే చెప్పాలి. 1997లో రైతుల ద్వారా సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చినప్పుడు నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టి, కాలువ పనులు వాళ్ల చేతికే ఇచ్చారు. రైతే తన కాలువ బాగు చేసుకుంటాడని మనమూ సంబరపడ్డాం. కొన్ని చోట్ల నిజంగానే బాగయ్యాయి. చాలా చోట్ల అధ్యక్షుడే కాంట్రాక్టరు అయ్యాడు. రైతుల పేరుతో రైతే రైతును ముంచాడు. ఇప్పుడు కూడా టెండర్ల మీద కన్నేసి ఉంచమని మనం చెప్పగానే, ఆ కన్ను వేరే పనికి వాడుకునేవాళ్లు బయలుదేరుతారు. నోటీసు చూసి కాంట్రాక్టరు దగ్గరికి పోయి "మా ఊరి సంగతి చూసుకో" అనేవాళ్లు. మన సంఘంలో అట్లాంటివాళ్లు లేరని గుండె మీద చేయి వేసుకుని చెప్పలేను. అందుకే ఈ పని ఒక్క మనిషికి కాదు, కమిటీకి అప్పజెప్పాలి. ఏ కాగితం వచ్చినా గోడ మీదికి రావాలి, జేబులోకి కాదు. సంఘం బాధ్యతలో ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు అదే మండలంలో పనుల్లో వాటాదారులుగా ఉంటే ఆ బాధ్యత వదులుకోవాలి. ఈ మాట కొందరికి చేదుగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మహిళా సంఘాలు, సొసైటీలు స్వయంగా టెండరు వేయకూడదా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వేయవచ్చు. 2016లో కేంద్రం తెచ్చిన జెమ్ వేదిక మీద అలాంటి సంఘాలు సర్కారు ఆఫీసులకు సరుకులు అమ్మే వీలుంది. హాస్టళ్లకు పప్పు, బియ్యం, కూరగాయల సరఫరా మన సంఘాలకు దొరికితే మంచిదే. ఉట్నూరు వైపు గిరిజన సంఘాలకు ఇది ఇంకా ఎక్కువ అవసరం. కానీ ధరావతు, మూడు నెలలు ఆగే బిల్లు, తిరస్కరించిన సరుకు, వీటికి తట్టుకునే నిధి లేకుండా దిగవద్దు. దిగి అప్పుల పాలైన సంఘాన్ని మళ్లీ లేపడం, పడిపోయిన కట్టను లేపడం కన్నా కష్టం.

పని చిన్నదని వదిలేసేది ఒకటుంది, అది నిర్వహణ. గేట్లకు గ్రీజు, తూము షట్టర్లు, పిల్ల కాలువల చెత్త. వీటికి పెద్ద టెండరు ఉండదు, పెద్ద కాంట్రాక్టరు రాడు, శిలాఫలకం ఉండదు. 2022 జులై వరదకు కడెం ప్రాజెక్టు దగ్గర ఒక రాత్రంతా కింది ఊళ్ల జనం ప్రాణాలు బిగపట్టుకున్నారు. మరుసటి ఏడాది జులైలోనూ కొన్ని గేట్లు లేవలేదు. కాకతీయ కాలువ డీ-83, డీ-86 కింద చివరి ఆయకట్టు రైతును అడిగితే నిర్వహణ పని అంటే ఏమిటో చెబుతాడు. అతని మడికి నీళ్లు రావడమా రాకపోవడమా అన్నది ఆ చిన్న పనుల మీదనే ఆధారపడి ఉంది.

యాసంగి వడ్ల కోతలకు ముందే రవాణా టెండర్ల సంగతి తేలుతుంది. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాల కమిటీలు తమ జిల్లా పౌరసరఫరాల మేనేజర్‌కు ఇప్పుడే ఒక దరఖాస్తు ఇవ్వాలి. కిందటి సీజన్ రవాణా ఒప్పందం నకలు, ఏ సెక్టారుకు ఏ కాంట్రాక్టరు ఎన్ని లారీలు చూపించాడు, ఎంత జరిమానా వేశారు, ఈ మూడే అడగండి. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ కమిటీలు తమ జిల్లాలో ఏ మిల్లుతో ఏ తేదీన ఒప్పందం అయింది, ఏ కేంద్రం ఏ రోజు తెరిచారు అన్నది సీసీఐని అడగాలి. జవాబులు వచ్చిన కొద్దీ ఈ పత్రికలో ఊరి పేర్లతో వేస్తాం. రాకపోతే, రాలేదని తేదీతో సహా వేస్తాం.